ఆసుపత్రి బెడ్‌షీట్ మన కొత్తవాడ మగ్గం మీద నుంచి రావాలంటే.. టెండర్‌లో ఏం ఉండాలి?

వరంగల్: కొత్తవాడ అనగానే గుర్తొచ్చేది దర్రీలు, జంపఖానాలు. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్ దాకా వెళ్లాయి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఇదే నగరంలో వెయ్యి పడకల ఎంజీఎం ఆసుపత్రి ఉంది. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2021 జూన్ 21న శంకుస్థాపన జరిగింది. దీన్ని 2 వేల పడకలతో ప్లాన్ చేశారు.

ఇప్పుడు చిన్న లెక్క చూద్దాం. మంచం మీద ఒక దుప్పటి, ఉతుకుడులో ఒకటి, స్టోర్‌లో ఒకటి.. అంటే ఒక్కో పడకకు కనీసం మూడు కావాలి. 2 వేల పడకలకు 6 వేలు. దిండు కవర్లు, తువ్వాళ్లు, కర్టెన్లు, ఆపరేషన్ థియేటర్ గుడ్డలు వీటికి అదనం. అవి చిరిగిపోతే మళ్లీ కొనాల్సిందే. ఈ ఆర్డర్‌లో పక్క వీధి నేతన్నకు వాటా దక్కుతుందా? అది మగ్గం పనితనం కంటే టెండర్ నిబంధనల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

సప్లయర్ డైవర్సిటీ అంటే ఏంటి?

మొత్తం ఆర్డర్‌ను ఒకరిద్దరు పెద్ద సప్లయర్లకే ఇచ్చేయకుండా చిన్న యూనిట్లు, మహిళల సంస్థలు, ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలు, చేనేత సహకార సంఘాలకు కూడా పోటీలో నిలబడే దారి ఇవ్వడమే సప్లయర్ డైవర్సిటీ. నాణ్యతలో రాజీ పడటం దీని ఉద్దేశం కాదు.

ఇందులో ఆసుపత్రికీ లాభం ఉంది. 2020 మొదట్లో కరోనా వచ్చినప్పుడు పీపీఈ కిట్ల కోసం దేశమంతా దిగుమతుల వైపు చూడాల్సి వచ్చింది. ఆ తర్వాత బట్టల యూనిట్లు రంగంలోకి దిగడంతో కొద్ది నెలల్లోనే భారత్ పెద్ద ఉత్పత్తిదారుగా మారింది. ఒక్కరి మీదే ఆధారపడితే, ఆ ఒక్కరి దగ్గర సరుకు ఆగిన రోజు వార్డు కూడా ఆగిపోతుంది.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఏం జరిగింది?

క్లీవ్‌లాండ్‌లో ఎవర్‌గ్రీన్ కోఆపరేటివ్ లాండ్రీ 2009లో మొదలైంది. అందులో పనిచేసే కార్మికులే దానికి యజమానులు. 2018లో ప్రసిద్ధ ఆసుపత్రి క్లీవ్‌లాండ్ క్లినిక్ తన బట్టల ఉతుకుడు పనిని ఈ సహకార సంస్థకు అప్పగించింది. ఆసుపత్రి ఖర్చు చేసే డబ్బు చుట్టుపక్కల బస్తీల్లోనే తిరగాలన్నది ఆ ఆలోచన.

మన దగ్గర రూల్స్ ఏం చెబుతున్నాయి?

* 25 శాతం వాటా: 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, విభాగాలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనే వాటిలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలి. మొదట ఇది 20 శాతం ఉండేది. ఈ 25లోనే ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం కేటాయించారు. రైల్వే ఆసుపత్రులు, ఎన్టీపీసీ లాంటి సంస్థల ఆసుపత్రుల కొనుగోళ్లు దీని కిందకే వస్తాయి.

* ధర కలిపే అవకాశం: పెద్ద కంపెనీ దుప్పటికి 200 రూపాయలు కోట్ చేసి ఎల్-1గా నిలిచిందనుకుందాం. చిన్న యూనిట్ కోట్ 15 శాతం లోపు, అంటే 230 రూపాయల లోపు ఉంటే చాలు. 200కే ఇస్తానని ఒప్పుకుంటే, ఆర్డర్‌ను విభజించడానికి వీలున్న చోట 25 శాతం దానికి దక్కుతుంది. 10 వేల దుప్పట్ల ఆర్డర్ అయితే 2,500 అన్నమాట.

* చేనేతకు 20 శాతం: కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు-2017లోని 153వ నిబంధన ప్రకారం కేంద్ర శాఖలు కొనే బట్టల్లో కనీసం 20 శాతం చేనేతవి కావాలి. వాటిని ఖాదీ కమిషన్, సహకార సంఘాలు, స్వయం సహాయక సమాఖ్యలు, పెహచాన్ కార్డున్న నేతన్నల నుంచి తీసుకోవాలి. పవర్‌లూమ్ ధరతో చేతి మగ్గం పోటీ పడలేదు కాబట్టే ఈ ప్రత్యేక వాటా.

* రాష్ట్రంలో: ప్రభుత్వ శాఖలు తమకు కావాల్సిన వస్త్రాలను చేనేత సహకార సంస్థ టెస్కో ద్వారానే కొనాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఆదేశించింది. అదే ఏడాది స్కూల్ యూనిఫాంలు కుట్టే పనిని మహిళా సంఘాలకు ఇచ్చింది. ప్రభుత్వ ఆర్డర్‌ను చిన్న చేతుల్లోకి పంచడం సాధ్యమేనని దీంతో తేలింది.

మరి చిక్కు ఎక్కడ?

మొదటిది టర్నోవర్ షరతు. గత మూడేళ్లలో కోట్ల రూపాయల వ్యాపారం చేసి ఉండాలని టెండర్‌లో రాస్తే సహకార సంఘం అక్కడే ఆగిపోతుంది. నాణ్యత పరీక్ష దాకా వెళ్లే అవకాశమే ఉండదు. నాణ్యత బాగుంటే ముందస్తు అనుభవం, టర్నోవర్ షరతులను సడలించవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది.

రెండోది ఆర్డర్ సైజు. మందుల్లో అందరి అవసరాన్ని కలిపి ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది. 1994లో ఏర్పాటైన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ దీన్ని చేసి చూపించింది. కానీ దుప్పటికి, కర్టెన్‌కు కూడా అదే పద్ధతి పెడితే చిన్నవాళ్లు తప్పుకోవాల్సిందే. అదే ఆర్డర్‌ను చిన్న లాట్లుగా విడగొట్టి, నెలనెలా డెలివరీ పెడితే మగ్గాలు అందుకోగలవు.

మూడోది బిల్లు. నేతన్న నూలు కొనేది అప్పు తెచ్చే. చెల్లింపు నెలల తరబడి ఆగితే వచ్చిన ఆర్డరే భారమవుతుంది. ఎంఎస్ఎంఈడీ చట్టం-2006 ప్రకారం ఒప్పందం ఉన్నా సరే గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ చక్రవడ్డీ కట్టాలి.

నేతన్నలు గమనించాల్సినవి

1. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. సరుకు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే చేయించుకోవాలి. తయారీదారుగా నమోదు కావాలి. బయట కొని అమ్మే ట్రేడర్లకు ఈ కొనుగోలు వాటా వర్తించదు.

2. 2016లో మొదలైన జెమ్ పోర్టల్‌లో సెల్లర్‌గా చేరాలి. అర్హత ఉన్న చిన్న సంస్థలకు ఈఎండీ మినహాయింపు ఉంటుంది.

3. ఆసుపత్రి బట్ట ఇంటి బట్ట కాదు. వేడినీళ్లు, బ్లీచింగ్ తట్టుకోవాలి, రంగు దిగకూడదు, ఉతికాక కుంచించుకుపోకూడదు. శాంపిల్‌ను ముందే ల్యాబ్‌లో పరీక్షించుకోవడం మంచిది.

4. గాజు గుడ్డ, బ్యాండేజీల జోలికి లైసెన్స్ లేకుండా వెళ్లొద్దు. అవి వైద్య పరికరాల నిబంధనల కిందకు వస్తాయి. దుప్పట్లు, దిండు కవర్లు, కర్టెన్లతో మొదలుపెట్టడం సులువు.

5. బిల్లు ఆగితే ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

ఆసుపత్రి వైపు నుంచి చేయాల్సింది కూడా పెద్దదేం కాదు. టెండర్ రాసే ముందే ఒకసారి స్థానిక సంఘాలను పిలిచి, ఏ బట్ట, ఏ కొలత, ఎన్ని రోజుల్లో కావాలో చెబితే చాలు. పడకలు పెరిగే కొద్దీ దుప్పట్లు ఎలాగూ కొనాల్సిందే. అందులో కొత్తవాడకు ఎంత వాటా అన్నది ఆ టెండర్ కాగితం మీదే తేలుతుంది.