కావలూరు దూరదర్శిని

హైదరాబాదులోని నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగం చేయుటచే వైను బప్పు (1927-1982) బాల్యం నుండే దూరదర్శినుల నడుమ పెరిగారు. పరికరం కావలసినప్పుడెల్లా విదేశాల వైపు చూడవలసి రావడం ఆయనకు రుచించలేదు. తమిళనాడులోని జవ్వాది కొండలపై, కావలూరులో, 1968లో ఆయన నెలకొల్పిన 38 సెంటీమీటర్ల తొలి దూరదర్శిని మనదేశంలో తయారైనదే. 1972లో అక్కడికి చేరిన ఒక మీటరు దూరదర్శిని మాత్రం జర్మనీ నుండి వచ్చింది. అంతకు రెట్టింపును మించి, 234 సెంటీమీటర్ల అద్దం గల దూరదర్శినిని స్వదేశంలోనే నిర్మించాలని బప్పు సంకల్పించారు.

గాజు దిమ్మె జర్మనీ నుండి వచ్చినా, దానిని అరగదీసి మెరుగుపెట్టే పని బెంగుళూరులోని భారత తారాభౌతిక సంస్థలోనే సాగింది. ఇటువంటి పనిలో ఓర్పే ప్రధానం. కొంతసేపు మెరుగుపెట్టి, ఆగి, అద్దంపై కాంతిని ప్రసరింపజేసి పరీక్షించాలి. ఎక్కడ మిట్ట కనిపిస్తే అక్కడ మరల రుద్దాలి. ఒకచోట అధికంగా అరిగిపోతే, ఆ పల్లానికి సరిపడేలా మిగిలిన తలమంతటినీ తగ్గించవలసి వస్తుంది. ఉపరితలంలోని దోషం కాంతి తరంగ దైర్ఘ్యంలో స్వల్ప భాగాన్ని మించరాదు.

ఆ దూరదర్శిని పూర్తికాకమునుపే, 1982 ఆగస్టులో, బప్పు మ్యూనిక్‌లో కన్నుమూశారు. సహచరులు పనిని ఆపలేదు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ ప్రారంభించిన ఆ దూరదర్శినికీ, కావలూరు వేధశాలకూ బప్పు పేరే పెట్టారు. ఆయన చూడలేకపోయిన ఆ పరికరంతో పాటు, దానిని తయారుచేయగల నైపుణ్యం కూడా దేశానికి దక్కింది.