పబ్లిక్ స్కూలు

ఇంగ్లండు దేశమున 'పబ్లిక్ స్కూలు' అనగా సర్కారువారి బడి కాదు. వేలకొలది పౌండ్ల జీతము చెల్లించి, పెక్కుచోట్ల హాస్టలులోనే నివసించి చదువవలసిన ప్రైవేటు విద్యాలయము. సర్కారు బడిని అచ్చటివారు 'స్టేట్ స్కూలు' అందురు.

ఈ వైపరీత్యమునకు మూలము ఆ మాట పుట్టిన కాలమున నున్నది. సంపన్నులు తమ బిడ్డలకు ఇంటియొద్దనే పంతుళ్లను నియమించి చదువు చెప్పించుకొనుచున్న ఆ దినములలో, ఊరి యెల్లలు పాటింపక, ఎచ్చటినుండి వచ్చిన బాలునికైనను ప్రవేశము కల్పించు పాఠశాలయే 'పబ్లిక్' అనిపించుకొన్నది. 1440లో ఆరవ హెన్రీ ఈటన్ కళాశాలను స్థాపించి, 70 మంది పేద విద్యార్థులకు ఉచితముగా విద్య నొసగ సంకల్పించెను. నేటికిని పోటీపరీక్షలో నెగ్గిన 70 మంది 'కింగ్స్ స్కాలర్లు' నల్లని గౌనులు ధరించి అచ్చట చదువుచున్నారు. కాని జీతమిచ్చి చేరిన ధనికుల సంతానమే కాలక్రమమున అధికమయ్యెను. 1868 నాటి చట్టము ఈటన్, వించెస్టర్, వెస్ట్‌మిన్‌స్టర్, చార్టర్‌హౌస్, హారో, రగ్బీ, ష్రూస్‌బరీ అను ఏడింటిని పేర్కొని, ఆ మాటకు శాసనగౌరవము కల్పించినది. 'ప్రిపరేటరీ' బడి ముగించి, 'కామన్ ఎంట్రన్స్' పరీక్ష వ్రాసి, పదుమూడేండ్ల ప్రాయమున వీనిలో చేరుట సంప్రదాయము. ప్రైవేటు విద్యాలయముల నన్నింటిని కలిపి చెప్పవలసినచో 'ఇండిపెండెంట్ స్కూళ్లు' అందురు.

జాగీర్దారుల బిడ్డలకై 1923లో బేగంపేటలో వెలసిన కళాశాల, 1951లో 'హైదరాబాదు పబ్లిక్ స్కూలు'గా మారినప్పుడు, ఈ బ్రిటిషు అర్థమే మన గడ్డకును వచ్చినది. పేరు సార్థకము కావలెనన్న, విద్యార్థివేతనములు పెంచి పేదబాలునకు చోటిచ్చుట ఆ విద్యాలయముల ప్రథమ ధర్మము.