ఓట్లు లెక్కించిన పిమ్మట: ఇంగ్లండు, స్కాట్లండు

2014వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీ ఉదయము, ఏడుగంటలు దాటిన కొలది నిమిషములకు, నాటి బ్రిటిషు ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ లండను నగరమున తన యధికార నివాసము వాకిట నిలిచి మాట్లాడెను. ముందటి దినముననే స్కాట్లండు ప్రజలు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పియుండిరి. స్కాట్లండు స్వతంత్ర దేశము కావలెనా? కావలెనని 16,17,989 మంది, వలదని 20,01,926 మంది ఓటు వేసిరి. ఓటుహక్కు గలవారిలో నూటికి 84 మందికి పైగా వచ్చి ఓటు వేసిరి. వయోజనులందఱికిని ఓటు లభించినది మొదలు బ్రిటనులో అంతమంది యెన్నడును రాలేదు. మూడువందల యేండ్ల పొత్తు నిలిచినది. అట్టి యుదయమున గెలిచినవాడు ఓడినవారి నూరడించుట మర్యాద. కామెరాన్ అట్టి మాటలు కొన్ని చెప్పెను. చెప్పి, అదే యూపిరితో, స్కాట్లండు గొంతు వింటిమి, ఇక ఇంగ్లండు గొంతును వినవలసియున్నదని పలికి, ఇంగ్లండునకు మాత్రమే సంబంధించిన శాసనములపై ఇంగ్లండు సభ్యులే నిర్ణయము చేయవలెనను వాదమును ముందుంచెను.

ఆ మాట స్కాట్లండులో ఎట్లు వినబడినదో ఊహించుట కష్టము కాదు. నిన్నటివఱకు వెళ్లవలదని బతిమాలినవారు, ఉండిపోయెదమనగానే పంపకముల లెక్క తీసిరి! కాని యింగ్లండు తట్టు నుండి చూచినచో ఆ లెక్కయు నిరాధారమైనది కాదు. ఈ యిరుగుపొరుగు దేశముల తగవును పరిశీలించినకొలది నాకు తోచుచున్నది ఇది: ఓట్లు ఎన్ని వచ్చినవని వారు పోరాడుట లేదు. ఎవరెవరిని కలిపి ఒక లెక్కగా కట్టవలెనను దానిపైననే పోరాడుచున్నారు.

ఈ పొత్తు కుదిరిన తీరును ముందు కొంత చెప్పవలెను. 1603లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్ సంతానము లేక మరణింపగా స్కాట్లండు రాజు ఆఱవ జేమ్సు ఇంగ్లండునకును రాజయ్యెను. రాజు ఒక్కడు, పార్లమెంటులు రెండు. ఒక శతాబ్దము ఇట్లే గడచినది. 1698లో స్కాట్లండువారు అమెరికా ఖండమున పనామా భూసంధియందు డేరియెన్ అనుచోట ఒక వలస స్థాపింపబూనిరి. ప్రభువులు మొదలు చిన్నపట్టణముల వర్తకుల వఱకు తమ సొమ్ము అందు పెట్టిరి. జ్వరములు, ఆకలి, స్పెయినువారి దాడి కలిసి రెండేండ్లలో సర్వము తుడిచిపెట్టినవి. ఆ వలసకు తోడ్పడవలదని సమీపమునందలి ఇంగ్లీషు వలసలకు లండను నుండి ఆజ్ఞలు పోయినవి. రాజు ఇరువురకును ఒక్కడే యన్నది ఇచట గమనింపవలెను. పిమ్మట 1705లో ఇంగ్లండు పార్లమెంటు, పొత్తుబేరమునకు రానిచో స్కాట్లండు ప్రజలను పరదేశీయులుగా నెంచి, వారి పశువులను, నారబట్టలను, బొగ్గును తన విపణిలోనికి రానీయనని శాసనము చేసెను.

1707 జనవరిలో ఎడింబరో పార్లమెంటు 110 ఓట్లతో తన్ను తాను రద్దుచేసికొనుట కంగీకరించినది. స్కాట్లండునకు ముట్టజెప్ప నంగీకరించిన మొత్తము 3,98,085 పౌన్ల 10 షిల్లింగులు. అందులో సగమునకు మించిన భాగము డేరియెనులో మునిగినవారి నష్టపరిహారమునకే యుద్దేశింపబడినది. ఎడింబరో, గ్లాస్గో వీథులలో అల్లరులు చెలరేగినవి. ఊరూర నుండి వ్యతిరేకముగా అర్జీలు వచ్చిపడినవి. మనము చిన్ననాట చదివిన రాబిన్సన్ క్రూసో కథను తరువాతికాలమున వ్రాసిన డేనియల్ డీఫో ఆ దినములలో ఇంగ్లీషు మంత్రి పనుపున ఎడింబరోలో మకాముండి, అక్కడి సంగతులు గుట్టుగా వ్రాసి పంపుచుండెను. ప్రజల నెవ్వరును అడుగలేదు. ఆ కాలమున అడుగు నాచారమే లేదు. అయినను ఆ యొడంబడికలో ఒక మెలకువ కలదు. స్కాట్లండునకు పార్లమెంటు పోయినది గాని న్యాయస్థానములు, ధర్మశాస్త్రము, మతసంఘము, విద్యాలయములు దానికే మిగిలినవి. రెండు దేశములు ఒక రాజ్యమైనవి. ఒక జాతి కాలేదు. ఆ మిగిలిన భాగమే నేటి తగవునకు విత్తనము. పొత్తు మూడువందల యేండ్లు నిలుచుటకు కారణమును అదే.

స్కాట్లండు ప్రజల నడుగుట 20వ శతాబ్దమున వచ్చినది. 1979 మార్చి 1వ తేదీన, మీకు ఒక శాసనసభ కావలెనా యని యడుగగా 12,30,937 మంది కావలెననిరి, 11,53,502 మంది వలదనిరి. కావలెనన్నవారే ఎక్కువ. అయినను సభ రాలేదు! ఏలయన, ఓటర్ల పట్టికలోనున్న వారందఱిలో నూటికి 40 మంది కావలెనని యనినగాని చెల్లదని లండను పార్లమెంటు ముందుగానే ఒక గీత గీసియుండెను. కావలెనన్నవారు పట్టికలో నూటికి 33 మందికి మించలేదు. ఇంట కూర్చున్నవాడును వలదన్నట్లే యయ్యెను. ఆ నియమమును ప్రతిపాదించిన జార్జి కన్నింగ్‌హామ్ స్కాట్లండులోనే పుట్టి, లండను నగరములోని ఒక నియోజకవర్గమునకు ప్రతినిధిగా నుండినవాడు. 1997లో మఱల అడిగినప్పుడు ఆ గీత లేదు. నూటికి 74 మంది కావలెననిరి. 1999లో ఎడింబరోలో పార్లమెంటు మఱల కూడినది.

2014లో లెక్కకు హద్దు వేఱు. 2012 అక్టోబరులో ఉభయ ప్రభుత్వములును చేసికొన్న యొప్పందమును బట్టి ప్రశ్న స్కాట్లండులో నివసించువారికే. 16 ఏండ్లు నిండిన బాలబాలికలకును ఓటు లభించినది. ఇంగ్లండులో పుట్టి స్కాట్లండులో కాపురమున్నవారు 2011 జనాభాలెక్కలలో నాలుగున్నర లక్షల పైచిలుకు. వారికి ఓటున్నది. స్కాట్లండులో పుట్టి ఇంగ్లండునందును వేల్సునందును స్థిరపడినవారు ఏడులక్షల పైచిలుకు. వారు ఊరక చూడవలసినదే. కొందఱు దీనిని అన్యాయమనిరి. పన్ను ఎచట కట్టుచు, పిల్లలను ఎచట చదివించుకొనుచున్నారో అచటి భవిష్యత్తు వారిదే గనుక నాకు ఇది ధర్మముగనే కనబడుచున్నది. అయినను ఇంగ్లండువాని మనసును తేలికగా త్రోసివేయరాదు. పొత్తులో తానును భాగస్వామి. అది ఉండునా ఊడునా యని తన్ను ఎవ్వరును అడుగలేదు. పైగా ఓటింగునకు రెండు దినముల ముందు, మూడు పెద్దపక్షముల నాయకులు, స్కాట్లండు ఉండిపోయినచో మఱిన్ని యధికారము లిత్తుమని పత్రికాముఖమున ప్రతిజ్ఞ చేసిరి. ఆ మాటయు ఇంగ్లండు నడిగి యిచ్చినది కాదు.

ఇంగ్లండు పక్షపు ఫిర్యాదును మొదట స్పష్టముగా పలికినవాడు ఇంగ్లీషువాడు కాకపోవుట విచిత్రము. స్కాట్లండులోని వెస్టు లోథియను సభ్యుడు టామ్ డేలియెల్ 1977లోనే అడిగెను: స్కాట్లండు బడులపై, ఆసుపత్రులపై ఇంగ్లండు సభ్యునికి మాట లేకుండ పోయినపుడు, ఇంగ్లండు బడులపై, ఆసుపత్రులపై నేను ఓటు వేయుట ఏమి న్యాయము? ఆ ప్రశ్నకు ఆయన నియోజకవర్గము పేరే నిలిచిపోయినది. 2015లో దీనికి విరుగుడుగా కామన్సు సభలో ఒక నియమము పెట్టిరి, 2021లో ఎత్తివేసిరి. అసలు చిక్కు సంఖ్యలో నున్నది. సంయుక్త రాజ్యపు జనాభాలో నూటికి 84 మంది ఇంగ్లండువారు. ఒక్కొక్క స్కాట్లండువానికి పదిమంది. ఇంగ్లండునకు ప్రత్యేకముగా పార్లమెంటు పెట్టినచో దాని ప్రక్కన రాజ్యపు పార్లమెంటే చిన్నబోవును. పెట్టకపోయినచో డేలియెల్ ప్రశ్న మిగిలియే యుండును.

ఓడినవారు అణగిపోవుదురని తలచినవారికి భంగపాటే కలిగినది. పాతికవేల సభ్యులుండిన స్కాట్లండు జాతీయపక్షమునకు ఆఱు నెలలలో లక్షకు పైగా అయిరి. 2015 మే నెల ఎన్నికల సమయమున కన్సర్వేటివు పక్షమువారు ఒక చిత్రపటమును వెలువరించిరి. అందులో లేబరు నాయకుడు ఎడ్ మిలిబాండు, జాతీయపక్షపు అలెక్స్ సాల్మండ్ కోటు జేబులో బొమ్మవలె నిలిచియుండును. స్కాట్లండువాడు మీ ప్రభుత్వమును ఆడించునని ఇంగ్లండు ఓటరునకు హెచ్చరిక. ఉండుడు, ఉండుడు అని పిలిచి ఎనిమిది నెలలైనను కాలేదు. ఆ యెన్నికలలో స్కాట్లండులోని 59 స్థానములలో 56 జాతీయపక్షమునకు దక్కినవి.

ఇక 2016 జూన్ 23. యూరోపియను యూనియను నుండి వెడలిపోవలెనని 1,74,10,742 మంది, ఉండవలెనని 1,61,41,241 మంది. ఇంగ్లండును వేల్సును వెడలుదమన్నవి. స్కాట్లండులో నూటికి 62 మంది ఉండుదమనిరి. అచటి 32 స్థానిక మండలములలో ఒక్కటియు వేఱుమాట పలుకలేదు. ఉత్తర ఐర్లండును ఉండుదమన్నదే. ప్రశ్న రాజ్యమంతటికి గనుక లెక్కయు రాజ్యమంతటిదే యని లండను వాదించెను. పొత్తులో చేరినది జాతిగా గనుక మా జాతి మాట వేఱుగా వినవలెనని ఎడింబరో వాదించెను. 2015లో ఆ ఓటింగు బిల్లు చర్చకు వచ్చినపుడే, నాలుగు దేశములును ఒప్పుకొనినగాని వెడలరాదను సవరణను జాతీయపక్షము తేగా సభ త్రోసివేసినది. 1979లో సామాన్యమైన ఆధిక్యము చాలదని గీత గీసిన పార్లమెంటునకు 2016లో సామాన్యమైన ఆధిక్యము చాలినది. స్కాట్లండువారు ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటలో ఆశ్చర్యమేమున్నది? మఱియొక మాట. స్వతంత్రులైనచో యూనియను సభ్యత్వము పోవునని 2014లో పొత్తు పక్షమువారు బెదరించిరి. పొత్తులో ఉండుట చేతనే అది పోయినది. అయితే ఎడింబరో వాదమునకును ఒక లోపము కలదు. స్కాట్లండులోనే పదిలక్షలకు పైగా వెడలుదమనిరి. జాతి యంతయు ఒక్క గొంతుతో పలికినదనుట వారిని మఱచుటయే.

ఎడింబరో సభకు అప్పగించిన విషయములపై దాని సమ్మతి లేనిదే లండను సామాన్యముగా శాసనము చేయరాదని ఒక యాచారము కలదు. 2017 జనవరిలో రాజ్యపు సుప్రీంకోర్టు, అది రాజకీయ మర్యాదయేగాని న్యాయస్థానము అమలుపఱపదగిన విధి కాదని తీర్పు చెప్పెను. 2018 మే నెలలో ఎడింబరో సభ 93 ఓట్లకు 30 ఓట్లతో, యూనియనును వీడు బిల్లునకు సమ్మతి నిరాకరించినది, బిల్లు శాసనమైనది. తెలుగు శ్రోతలకు ఇది క్రొత్త సంగతి కాదు. మన రాజ్యాంగపు 3వ అధికరణము రాష్ట్ర శాసనసభ యభిప్రాయమును కోరుమనును గాని దానికి కట్టుబడుమనదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును త్రోసిపుచ్చినను పార్లమెంటు దాని నామోదింపగా జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మవతరించినది. భేద మేమనగా, మనకు అది ముందే వ్రాతలో నున్నది. బ్రిటనులో ఆ సంగతి తెలియుటకు న్యాయస్థానము వఱకు పోవలసి వచ్చినది.

రెండవమాఱు ప్రజల నడుగు నధికారము ఎడింబరో సభకు తనంత తాను లేదని అదే న్యాయస్థానము 2022 నవంబరు 23వ తేదీన ఏకగ్రీవముగా తీర్మానించినది. 2024 జూలై ఎన్నికలలో జాతీయపక్షము 9 స్థానములకు పడిపోయినది. దానితో ఈ కథ ముగిసినదని లండను పత్రికలు కొన్ని తలచినవి. పక్షము పడినంతగా స్వాతంత్ర్యము కోరువారి పాలు తగ్గలేదు.

ట్వీడు నది సముద్రమున కలియుచోట బెరిక్ అను చిన్న పట్టణ మున్నది. పూర్వము పలుమాఱులు చేతులు మాఱి, 1482 నుండి ఇంగ్లండు పాలనలో నున్నది. ఆ యూరి ఫుట్‌బాలు జట్టు మాత్రము స్కాట్లండు జట్లతోనే పోటీలాడును. 2014లో ఆ యూరివారికి ఓటు లేదు. కొలది మైళ్ల యుత్తరమున నున్నవారికి ఉండినది. 2016లో ఇరువురును ఓటు వేసిరి, ఇరువురను ఒకే లెక్కలో కలిపిరి. నడుమనున్న బాటపై గేటు లేదు, సుంకపుఠాణా లేదు. ఉత్తరమునకు పోవువారికి స్కాట్లండు స్వాగతము చెప్పు పలక యొకటి, దక్షిణమునకు వచ్చువారికి ఇంగ్లండు స్వాగతము చెప్పు పలక యొకటి బాట ప్రక్కన నిలిచియున్నవి.