పుర్రెలు, ఎలుకలు, గణాంకాలు

బందరు రేవులో గంప దించగానే చేపలను రకాలుగా వేరుచేసే జాలరికి కొలబద్దతో పనిలేదు. చూపుతోనే ఏరివేస్తాడు. జీవశాస్త్రజ్ఞుడు మాత్రం తన చూపు నిజమని ఇతరులను ఒప్పించవలసి ఉన్నది. అందుకై పొడవు, వెడల్పు, తల పరిమాణం వంటివి కొలిచి పట్టిక వేస్తాడు. కొలతలు పెరిగినకొద్దీ చిక్కూ పెరుగుతుంది. పొడవైన చేప సాధారణంగా లావుగా కూడా ఉంటుంది గదా! పొడవులోని తేడాను, లావులోని తేడాను ఊరకే కూడితే ఒకే భేదాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. ఇటువంటి చిక్కులను విప్పుటలో ముఖ్యులైన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు తెలుగువారు. మచిలీపట్నం ముఖ్యపట్టణంగా ఉండిన నాటి కృష్ణా జిల్లాలో, నూజివీడు, నందిగామ బడులలో ఆయన బాల్యవిద్య కొంత సాగింది.

1920 సెప్టెంబరు 10న, నేడు కర్ణాటకలో ఉన్న హడగళిలో ఆయన జన్మించారు. కృష్ణునివలె ఎనిమిదవ సంతానం కావడంచేత ఆ పేరు పెట్టారట. 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రం ఎం.ఏ. పూర్తిచేసి, యుద్ధకాలపు ఉద్యోగమొకటి వెదుకుతూ కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. దొరకకపోవడమే మేలయినది. 1941 జనవరిలో మహలనోబిస్ గారి భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరారు.

పైన చెప్పిన చిక్కుకు మహలనోబిస్ 1936లోనే ఒక కొలత కనిపెట్టి ఉన్నారు. రెండు సమూహాల మధ్య దూరాన్ని కొలిచేటప్పుడు, ప్రతి లక్షణం సహజంగా ఎంత మారుతుందో, ఏ లక్షణం దేనితో జంటగా మారుతుందో కూడా ఈ కొలత లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి పొడవుతోపాటు వచ్చే లావు రెండవసారి లెక్కకు రాదు.

సూడానులోని జెబెల్ మోయా వద్ద హెన్రీ వెల్కమ్ 1910 - 1914 మధ్య తవ్వించిన శ్మశానంలోని అస్థికలు కేంబ్రిడ్జిలో ఉండేవి. వాటిని మహలనోబిస్ పద్ధతిలో పరిశీలించాలని అక్కడి మానవశాస్త్రజ్ఞుడు ట్రెవర్ కోరగా, 1946లో రాధాకృష్ణారావు గారు, రామకృష్ణ ముఖర్జీ గారు వెళ్లారు. ఆ కృషి 1955లో గ్రంథంగా వెలువడింది. పుర్రెల కొలతలతో జాతులకు ఎక్కువ తక్కువలు అంటగట్టిన చెడ్డకాలం అంతకుముందు ఉండినది. ఈ కొత్త కొలత దగ్గర, దూరం మాత్రమే చెబుతుంది. పైన, క్రింద అని చెప్పదు. ఆ తేడాను విద్యార్థులు మరువరాదు.

అక్కడే రాధాకృష్ణారావు గారు తన పరిశోధనకు మార్గదర్శిగా ఉండమని ఆర్. ఎ. ఫిషర్ గారిని అడిగారు. తన ప్రయోగశాలలో ఎలుకల జన్యువులపై పనిచేయాలన్న షరతుతో ఫిషర్ అంగీకరించారు. కాగితం మీది గణితవేత్తకు ఎలుకల బోనులెందుకని తోచవచ్చు. కాని ఒకే క్రోమోసోముపై దగ్గరగా ఉన్న రెండు జన్యువులు తరచు కలిసే సంతానానికి చేరతాయి. దూరంగా ఉన్నవి ఎక్కువగా విడిపోతాయి. ఎన్ని పిల్లలలో విడిపోయాయో లెక్కించి ఆ దూరాన్ని అంచనా కట్టడం గణాంకశాస్త్రపు పనే. ఆయన సిద్ధాంత వ్యాసం జీవుల వర్గీకరణలో వచ్చే గణాంక సమస్యలను గురించినది. ఒక జీవి రెండు సమూహాలలో దేనికి చెందుతుందో తేల్చే పద్ధతిని ఫిషర్ 1936లో చూపగా, శిష్యుడు దానిని అనేక సమూహాలకు విస్తరింపజేశారు.

కేంబ్రిడ్జి రోజులలోనే, 1948లో, ఆయన ప్రకటించిన ‘స్కోరు పరీక్ష’ చరిత్ర మరీ చిత్రమైనది. ఒక ఊహను పరీక్షించడానికి, ఆ ఊహ తప్పైతే ఏమిటన్న పెద్ద లెక్కను చేయనక్కరలేదు. ప్రభావమేమీ లేదనే సరళమైన లెక్క ఒక్కటి చాలును. చేతి యంత్రాలతో కూడికలు చేసే ఆ కాలంలో ఇది శ్రమ తగ్గించింది. నేడు బయోఇన్ఫర్మాటిక్స్ అనే జీవసమాచార శాస్త్రంలో, ఒక రోగంతో సంబంధమున్న స్థానాలకై మానవ జన్యురాశిలో లక్షలాది స్థానాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. ఆ సరళమైన లెక్కను ఒక్కసారి చేసి అన్ని స్థానాలకూ వాడుకోవచ్చును కనుక, కంప్యూటరుకు కూడా అదే ఆదా!

ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో హద్దు చూపిన ఆయన 1945 నాటి వ్యాసం ఇంకా ప్రసిద్ధం. దానిని ముఖ్యంగా పేర్కొంటూ 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఇచ్చారు. అదే సంవత్సరం ఆగస్టు 22న ఆయన అమెరికాలో కన్నుమూశారు.

ఆయన 1982లో ప్రతిపాదించిన మరొక కొలతను మన డెల్టాలోనే ఊహించుకోవచ్చు. గుడివాడ ప్రాంతపు చెరువొకదానిలో బొచ్చె, శీలావతి, మోసు సమానంగా ఉన్నాయనుకోండి. దివిసీమ కాలువలో మట్టగిడస, రొయ్య, పీత సమానంగా ఉన్నాయనుకోండి. రకాలు లెక్కిస్తే రెండుచోట్లా మూడే. కాని మొదటి మూడూ ఒకే కుటుంబపు చేపలు. రెండవచోట రొయ్య, పీత అసలు చేపలే కావు. యథాలాపంగా రెండు ప్రాణులను తీస్తే వాటి మధ్య సగటున ఎంత భేదముంటుందన్నదే ఈ కొలత. ఆ లెక్కన కాలువలోనే వైవిధ్యం ఎక్కువ. రొయ్యకు, మట్టగిడసకు నడుమ భేదమెంత అన్నది మాత్రం జీవశాస్త్రజ్ఞుడే ముందుగా చెప్పాలి. నేడు దానిని శరీర లక్షణాలతో గాని, డి.ఎన్.ఏ. వరుసలను పోల్చి గాని నిర్ణయిస్తున్నారు.