అసెంబుల్డ్ కంప్యూటరులో ధ్వని సమస్యలు

విడిభాగాలను వేరువేరుగా కొని ఇంటివద్ద కూర్చుకొన్న కంప్యూటరును అసెంబుల్డ్ కంప్యూటరు అంటారు. ఇటువంటి కంప్యూటరు అన్నివిధాలా పనిచేస్తూ శబ్దం మాత్రం రాకపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. కంపెనీ కంప్యూటర్లలో తీగల అమరిక, డ్రైవర్లు ముందుగానే సిద్ధమై వస్తాయి. అసెంబుల్డ్ కంప్యూటరులో ఆ బాధ్యత కూర్చినవారిదే. కారణం తెలియక మంచి మదర్‌బోర్డును మార్చడం, అవసరం లేని సౌండు కార్డు కొనడం జరుగుతూ ఉంటాయి. తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి సాఫ్టువేరుపై ఆధారపడే అంధులకు శబ్దం లేని కంప్యూటరు దాదాపు నిరుపయోగం.

ధ్వని మార్గం

కంప్యూటరులో పాట సంఖ్యల రూపంలో ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మిక్సరు వివిధ ప్రోగ్రాముల శబ్దాలను కలుపుతుంది. డ్రైవరు ఆ సంఖ్యలను మదర్‌బోర్డుపై ఉన్న కోడెక్ అనే చిప్పుకు చేరవేస్తుంది. కోడెక్ వాటిని విద్యుత్ సంకేతాలుగా మార్చి జాక్ ద్వారా స్పీకర్లకు పంపుతుంది. ఈ మార్గంలో ఎక్కడ ఆటంకం కలిగినా ఫలితం ఒక్కటే, నిశ్శబ్దం.

మదర్‌బోర్డులోని ధ్వని వ్యవస్థకు ఇంటెల్ సంస్థ 1997లో ఏసీ 97 ప్రమాణాన్ని, 2004లో హెచ్‌డీ ఆడియో ప్రమాణాన్ని రూపొందించింది. కంప్యూటరు ఆన్ చేసినప్పుడు వినిపించే 'బీప్' శబ్దం ఈ మార్గానికి చెందినది కాదు. అది వేరే చిన్న స్పీకరు నుండి వస్తుంది. కనుక బీప్ వినిపించినంత మాత్రాన సౌండు వ్యవస్థ బాగున్నట్లు కాదు.

పరీక్షించవలసిన క్రమం

సులభమైనవాటితో మొదలుపెట్టి, అవి సరిగా ఉన్నాయని తేలిన తరువాతనే క్యాబినెట్ విప్పడం మంచిది.

1. స్పీకర్లు: వీటిని సెల్‌ఫోనుకో, వేరొక పరికరానికో తగిలించి చూడాలి. అక్కడ కూడా మోగకపోతే లోపం కంప్యూటరులో లేదు.
2. జాక్: వెనుకవైపు ఆకుపచ్చ జాక్ స్పీకర్లకు, గులాబీ రంగుది మైకుకు, నీలం రంగుది బయటి శబ్దాన్ని లోపలికి తీసుకోవడానికి ఉద్దేశించబడ్డాయి. రంగులు లేని బోర్డులలో పక్కన ఉన్న గుర్తులను చూడాలి.
3. ధ్వని పరికరం ఎంపిక: హెచ్‌డీఎమ్‌ఐ తీగ చిత్రంతో పాటు ధ్వనిని కూడా మోస్తుంది. అందువలన గ్రాఫిక్స్ కార్డు కూడా ఒక ధ్వని పరికరంగా కనిపిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ దానిని ఎంచుకొంటే, శబ్దం స్పీకర్లు లేని మానిటరుకు వెళ్ళిపోతుంది. సెట్టింగులలో సరియైన పరికరాన్ని ఎంచుకోవాలి.
4. డ్రైవరు: విండోస్‌లోని డివైస్ మేనేజరులో పసుపు గుర్తు ఉంటే మదర్‌బోర్డు తయారీదారు ఇచ్చిన డ్రైవరును స్థాపించాలి.
5. బయోస్: పరికరం పేరే కనిపించకపోతే బయోస్‌లో ఆన్‌బోర్డు ఆడియో నిలిపివేయబడి ఉందేమో చూడాలి.

లినక్స్‌లో

లినక్స్‌లో ఆల్సామిక్సర్ ఆదేశంతో ప్రతి మార్గపు స్థాయిని చూడవచ్చు. గడి కింద 'ఎమ్ఎమ్' అని ఉంటే ఆ మార్గం మూయబడి ఉన్నట్లు. 'ఎమ్' మీట నొక్కితే అది తెరుచుకొంటుంది.

విండోస్ వాడేవారికి కూడా లినక్స్ ఉపయోగపడుతుంది. పెన్‌డ్రైవు నుండి లైవ్ లినక్స్‌ను నడిపినప్పుడు శబ్దం వస్తే హార్డువేరు బాగున్నట్లే. లోపం విండోస్ సెట్టింగులలో లేదా డ్రైవరులో ఉంది.

ముందువైపు జాక్

వెనుక జాక్ పనిచేసి, క్యాబినెట్ ముందువైపు జాక్ పనిచేయకపోతే లోపలి తీగను పరిశీలించాలి. మదర్‌బోర్డుపై దీనికి తొమ్మిది పిన్నులు ఉంటాయి. పదింటిలో ఎనిమిదవ స్థానం ఖాళీగా ఉంటుంది. యూఎస్‌బీ 2.0 పిన్నులు కూడా తొమ్మిదే, కాని అక్కడ ఖాళీ తొమ్మిదవ స్థానంలో ఉంటుంది. ఒకదాని తీగను మరొకదానికి బలవంతంగా గుచ్చితే పిన్నులు వంగుతాయి, పరికరాలు కూడా పాడుకావచ్చు. కొన్ని క్యాబినెట్లలో ఒకే తీగకు ఏసీ 97, హెచ్‌డీ ఆడియో అనే రెండు కొనలు ఉంటాయి. బోర్డుకు తగిన ఒక్కదానినే తగిలించాలి.

పాత ఏసీ 97 బోర్డులలో శబ్దం ముందు జాక్ గుండా వెళ్ళి వెనుక జాక్‌కు తిరిగి వస్తుంది. ముందు జాక్ తీగ తగిలించనప్పుడు 5-6, 9-10 పిన్నులను జంపర్లతో కలపాలి. ఈ జంపర్లు పోతే వెనుక జాక్ కూడా మూగబోతుంది.

జాగ్రత్తలు

* క్యాబినెట్ తెరిచే ముందు ప్లగ్గును గోడ సాకెట్టు నుండి తీసివేయాలి.
* చిప్పులను ముట్టుకొనే ముందు క్యాబినెట్ లోహభాగాన్ని తాకి శరీరంలోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి.

ప్రత్యామ్నాయం

కోడెక్ నిజంగానే చెడిపోతే మదర్‌బోర్డు మార్చనవసరం లేదు. యూఎస్‌బీ సౌండు కార్డులోనూ, యూఎస్‌బీ హెడ్‌సెట్‌లోనూ సొంత కోడెక్ ఉంటుంది కనుక అవి బోర్డుపై ఉన్న కోడెక్‌తో సంబంధం లేకుండా పనిచేస్తాయి. తెరను విని పనిచేసేవారు ఇటువంటిది ఒకటి అదనంగా ఉంచుకొంటే, శబ్దం ఆగిన రోజున సమస్యను తామే వెదికి సరిచేసుకోగలుగుతారు.

ఇవి కూడా చూడండి

* మదర్‌బోర్డు
* బయోస్
* లినక్స్