పెరటి కొట్టములో పుట్టిన విమానము

విమానమనగానే వేలకొలది కార్మికులు పనిచేయు మహాకర్మాగారములును, అపారమైన మూలధనమును, ప్రభుత్వముల ఆజ్ఞాపత్రములును మన మనస్సున మెదలుట సహజమే. కాని చరిత్రను మొదటినుండి పరిశీలించువారికి వేరొక సత్యము గోచరించును. 1903 డిసెంబరు 17వ తేదీన కిట్టీహాక్ ఇసుకనేలపై 12 సెకనులలో 120 అడుగుల దూరము ఎగిరిన తొలి యంత్రము, డేటన్ నగరమున సైకిళ్ల దుకాణము నడుపుకొను రైట్ సోదరులిరువురి చేతులమీదుగా రూపొందినదే. విమానము చిన్న పనివాని కొట్టములో పుట్టి కర్మాగారమునకు పోయినదే గాని, కర్మాగారములో పుట్టి కొట్టమునకు వచ్చినది కాదు. అట్లు పోయినదానిని మరల తన ముంగిటికి తెచ్చుకొనుటకు సామాన్యుడు అర్ధశతాబ్దము ఎట్లు పాటుపడెనో చెప్పుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

రైట్ సోదరులు పేటెంటు హక్కులకై న్యాయస్థానముల మెట్లెక్కుచున్న కాలముననే, పారిస్ నగరమున నివసించుచుండిన బ్రెజిల్ దేశీయుడు ఆల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్ అందుకు భిన్నమైన మార్గమును త్రొక్కెను. వెదురు బొంగులతోను, పట్టుబట్టతోను తాను నిర్మించిన 'డెమొయిసెల్' అను చిన్న విమానముపై ఏ హక్కును తనకొరకు ఉంచుకొనక, కోరినవారెల్ల నిర్మించుకొనవచ్చునని అతడు ప్రకటించెను. 1910 జూన్ నెలలో అమెరికాలోని 'పాప్యులర్ మెకానిక్స్' పత్రిక ఆ విమానపు కొలతలను, పటములను ప్రచురింపగా, వడ్రంగము తెలిసినవాడు విమానమునకు పూనుకొనుట అసంభవము కాదను విశ్వాసము జనులలో అంకురించెను.

ఆ విశ్వాసము ఫలించినది ఇరువదవ దశకమున. మిన్నెసోటా రాష్ట్రమందలి చెర్రీ గ్రోవ్ అను పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పాల్ అను మెకానిక్కు, ఏ కళాశాలను త్రొక్కకయే విమాననిర్మాణమును స్వయముగా అభ్యసించి, స్ప్రూసు చెక్కతోను నూలుగుడ్డతోను 'ఎయిర్ క్యాంపర్' అను రెండు కుర్చీల విమానమును చేసి, దానికి ఫోర్డు మోడల్-ఏ కారు ఇంజనును అమర్చెను. కారు ఇంజను విమానమునకు పనికిరాదని ఒక పత్రికా సంపాదకుడు వ్రాసియుండగా, పీటెన్‌పాల్ వాదప్రతివాదములకు దిగక, విమానమును ఆ సంపాదకుని ఊరికే నడిపించుకొనిపోయి కన్నుల ముందు దింపెను; ఆ పత్రికాసంస్థయే 1932లో దాని పటములను అచ్చువేసినది. చికాగో నగరమున ఎడ్ హీత్ మోటారుసైకిలు ఇంజనుతో నడచు 'పారసాల్' విమానమును భాగములుగా విడదీసి, సామగ్రితో సహా అమ్మెను. ఇంటిలో కూర్చుకొను 'కిట్' విమానమునకు ఆదిపురుషులలో ఇతనిని ఒకనిగా పరిగణింపవలెను.

కాని ఉత్సాహము ఒక్కటియే మనుష్యుని గాలిలో నిలుపజాలదు. ఫ్రాన్సు దేశమున ఆన్రీ మిన్యే 1933లో నిర్మించిన 'పూ దు సియెల్' అను బుల్లివిమానము ఈ సత్యమును మిక్కిలి వెలగొని నేర్పినది. మరుసటి సంవత్సరము అతడు ప్రచురించిన గ్రంథమును చదివి ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములలో అనేకులు తమ ఇండ్లలో దానిని నిర్మించిరి. ఒకదాని వెనుక ఒకటిగా రెండు రెక్కలు గల ఆ విమానమున చోదకుడు ముందు రెక్కనే వంచి ఎత్తును మార్చవలెను. అయితే ముక్కు ఒక హద్దును దాటి క్రిందికి వంగినప్పుడు, రెండు రెక్కల నడిమి సందులో గాలి చొచ్చి వెనుక రెక్కకు అధికమైన ఎత్తుబలము నొసగెడిది. ముక్కును లేపవలెనని చోదకుడు కర్రను లాగినకొలది అది మరింత వంగెడిది. పెక్కుమంది నేలకూలి మరణించిన పిదప, ఫార్న్‌బరోలోను, ఫ్రాన్సునందలి షాలే మ్యూడాన్‌లోను పూర్తి పరిమాణపు విమానమును వాయుసొరంగములందు పరీక్షించి ఆ దోషమును కనుగొనిరి. మిన్యే తన నమూనాను సవరించి జీవితాంతము కృషి సాగించెను గాని, పోయిన ప్రాణములు తిరిగి రాలేదు.

అమెరికాలో ఇంటివిమానమునకు కలిగిన ఆపద వేరు. 1926 నాటి విమానవాణిజ్య చట్టము పిమ్మట రాష్ట్రములు ఒక్కొక్కటియే కేంద్రప్రభుత్వపు అనుమతి లేని విమానములను నిషేధించుచు రాగా, ఒంటరి నిర్మాతకు ఆ అనుమతి పొందుట దుర్లభమై, ముప్పదవ దశకమున ఈ విద్య దేశమంతట మూలబడెను. ఆరిగన్ రాష్ట్రము మాత్రము తన సొంత నిబంధనలక్రింద గృహనిర్మితములను ఎగురనిచ్చెను. అచట లెస్ లాంగ్ అను నిర్మాత చుట్టును చేరిన చిన్న బృందము ఆ దీపమును ఆరనీయలేదు. ఆ బృందమువాడే జార్జి బొగార్డస్. అతడు 1947లో 'లిటిల్ జీ బీ' అను చిన్న గృహనిర్మిత విమానముపై ఆరిగన్ నుండి వాషింగ్టన్ నగరము వరకు ఖండమంతయు దాటి ప్రయాణించి, అధికారుల ఎదుట నిలిచి, స్వహస్తములతో చేసినవారికి చట్టములో స్థానము కల్పింపుడని కోరెను. ఇట్టి కృషి ఫలితముగానే కొలది సంవత్సరములకు ఔత్సాహిక నిర్మితములకు ప్రత్యేక వర్గమేర్పడెను. నేడా విమానము స్మిత్‌సోనియన్ సంగ్రహాలయమున భద్రముగా నున్నది.

తలుపు తెరచుకొనిన తరువాత లోనికి నడిపించువారు కావలెను గదా. 1953 జనవరి 26వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రపు మిల్వాకీ నగరములో పాల్ పోబెరెజ్నీ కొందరు మిత్రులను సమావేశపరచి 'ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్' అను సంఘమును స్థాపించెను. ఆ సంఘము తొలినాళ్లలో అతని యింటి నేలమాళిగనుండియే నడచెను. నిర్మాతలు ఒకరి పని నొకరు చూచుట, అతుకు సరిగా లేనిచో మొగమాటము లేక చెప్పుట, తెలిసినవాడు తెలియనివానికి ఉచితముగా నేర్పుట అను మూడు ఆచారములు ఆ సంఘమునకు ప్రాణమయ్యెను. దాని వార్షిక సమావేశము 1970 నుండి ఆష్‌కాష్ పట్టణమున జరుగుచు, ప్రపంచమందలి విమానప్రియులకెల్ల తీర్థస్థలమైనది.

నిర్మాణపద్ధతులును కాలముతోపాటు మారెను. 1975లో బర్ట్ రూటాన్ నురుగుదిమ్మెలను కోసి వాటిపై గాజునారను జిగురుతో పరచి, అచ్చులు లేకయే 'వేరీఈజీ'ని సృజించెను. అతడే రూపొందించిన 'వాయేజర్' 1986లో మధ్య ఎచటను దిగక, ఇంధనము నింపుకొనక తొమ్మిది దినములలో భూగోళమును చుట్టివచ్చెను. ఆరిగన్ వాడే అయిన రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ 1973లో స్థాపించిన సంస్థ అల్యూమినియము రేకుల మార్గము నెంచుకొన్నది. ఆ కోవకు చెందిన విమానములు 10,000కు పైగా ఎగిరినవి. నిర్మాత మొదట తోకతో ఆరంభించి, రెక్కలు, దేహము, ఇంజను అను క్రమమున సాగును. ఒకరు రివెట్ గన్‌తో కొట్టుచుండగా వేరొకరు వెనుకనుండి ఇనుపదిమ్మను అదిమిపట్టవలెను గనుక, భార్యాభర్తలో, తండ్రీకొడుకులో కలసి వేలకొలది రివెట్లను బిగింతురు. రంధ్రములు ముందే చేసిన రేకులు వచ్చిన పిదప శ్రమ తగ్గినది గాని, ఓర్పుయొక్క ఆవశ్యకత తగ్గలేదు.

అమెరికా చట్టమునందలి ఒక నియమము ఇచట స్మరణీయము. విమానములో సగమునకు మించిన పనిని ఔత్సాహికుడు తన విద్యకొరకో వినోదముకొరకో స్వయముగా చేసియుండవలెను. అట్లు చేసినవానికే ఔత్సాహిక నిర్మితముల వర్గము వర్తించును. పని ముగిసిన తరువాత పరీక్షాధికారి చూడవలెను. నియమిత గంటలపాటు ప్రయాణికులు లేకయే ఎగిరి పరీక్షింపవలెను. విమానముపై 'ఎక్స్‌పెరిమెంటల్' అను మాట స్పష్టముగా వ్రాయవలెను. నేర్చుకొనుటయే ఒక యంత్రమును నిర్మించుటకు చాలినంత కారణమని ఒక రాజ్యము చట్టముగా అంగీకరించుట సామాన్యవిషయము కాదు.

మన దేశమునను ఈ కోరిక లేకపోలేదు. ముంబయి నగరమున విమానచోదకుడైన అమోల్ యాదవ్ తన నివాసభవనపు మేడపై ఆరు కుర్చీల విమానమును నిర్మించి 2016లో ప్రదర్శింపగా, దానికి ఎగురుటకు అనుమతి 2019లో గాని లభింపలేదు. పరీక్ష లేని స్వేచ్ఛ ప్రాణములను బలిగొనునని మిన్యే విమానమును, స్వేచ్ఛ లేని నిషేధము విద్యనే చంపునని అమెరికా ముప్పదవ దశకమును సాక్ష్యమిచ్చుచున్నవి. ఈ రెంటి నడుమ గల రాజమార్గమును ఆరిగన్ నిర్మాతలు ఏడు దశాబ్దములకు పూర్వమే వేసియుంచిరి. చేతిపనియందు మన యువకులకు గల నేర్పును నమ్మి, తగిన పరీక్షతో వారికి ఆ మార్గమును తెరచుట మన ప్రభుత్వముల విధి. ఒకరి అతుకు నొకరు నిర్మొగమాటముగా సరిచూచుకొను సంఘములను నిలుపుకొనుట ఆ యువకుల విధి.