కంచన్‌బాగ్‌లో సొంతిల్లు: ఏ పథకం ఎవరికి, ఏ కాగితం కావాలి

కంచన్‌బాగ్ అంటే బయటివాళ్లకు డీఆర్‌డీఓ, బీడీఎల్, మిధాని గుర్తొస్తాయి. వాటి కాంపౌండు గోడల ఇవతల బస్తీల్లో మాత్రం నెల మొదలైతే కిరాయి మాటే. ఇల్లు కట్టుకునేవాళ్లకు, కొనుక్కునేవాళ్లకు సర్కారు పథకాలు ఉన్నాయి. అయితే పాతబస్తీలో దరఖాస్తు ఎక్కువగా ఆగిపోయేది స్థలం కాగితం దగ్గరే.

ముందు డబుల్ బెడ్రూం సంగతి. 2015లో మొదలైన ఈ పథకంలో 560 చదరపు అడుగుల ఇల్లు, లబ్ధిదారు కట్టాల్సింది ఏమీ లేదు. జీహెచ్‌ఎంసీకి లక్ష ఇళ్లు అనుకున్నారు. అన్నిటికంటే పెద్ద కాలనీ సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 ఇళ్లతో 2023 జూన్‌లో ప్రారంభమైంది. ఇల్లు బాగుంటే సరిపోదు కదా! నగరానికి దక్షిణాన ఉండి చార్మినార్ చుట్టుపక్కల పని చేసుకునే మనిషి, ఆ పడమటి కొస నుంచి రోజూ రానూపోనూ బండికి ఎంత పెట్టుకోవాలి? ఈ ఇళ్లు వారసులకు వస్తాయి గానీ అమ్మడానికి వీల్లేదు. ‘డబుల్ బెడ్రూం అమ్మిపెడతా’ అనేవాడి చేతిలో అడ్వాన్స్ పెట్టకండి.

ఇప్పుడు నడుస్తున్నది ఇందిరమ్మ ఇళ్ల పథకం. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టారు. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి రూ.5 లక్షలు, ఇల్లు ఆడమనిషి పేరు మీద. ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గానికి 3,500 ఇళ్లని లెక్క పెట్టారు. దరఖాస్తులను మూడు జాబితాలు చేశారు: స్థలం ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, స్థలం కూడా లేనివాళ్లు ఎల్-2, మిగతావాళ్లు ఎల్-3. కిరాయి ఇంట్లో ఉండి, ఎక్కడా జాగా లేనివాళ్లు ఎల్-2లోకే వస్తారు. రూ.5 లక్షలు ఎల్-1 వాళ్లకే.

పాతబస్తీలో జాగా అంటే చాలాచోట్ల 40, 50 గజాలే. కనీసం 400 చదరపు అడుగులు కట్టాలనే నిబంధన అందులో ఎలా కుదురుతుంది? అందుకే 2025లో పట్టణాలకు సడలింపు ఇచ్చారు. 60 గజాల లోపు స్థలమైతే కింద 200, పైన 200 అడుగులు కట్టుకోవచ్చు. మన గల్లీలకు పనికొచ్చే నిర్ణయం ఇదే.

ఇక కాగితం. పాతబస్తీలో ఎన్నో ఇళ్లు నోటరీ మీదే చేతులు మారాయి. తాత ఇల్లు నలుగురు అన్నదమ్ములు వాడుకుంటుంటారు, పంపకం రాసుకుని ఉండరు. నాన్న నోటిమాటగా హిబా చేసి ఉంటాడు. ఇస్తున్నట్టు చెప్పడం, తీసుకున్నవారు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం జరిగితే ఆ హిబా మన పర్సనల్ లా ప్రకారం చెల్లుతుంది. కానీ ఆఫీసులో చూపించడానికి ఏముంది? జరిగిన హిబాను సాక్షులతో రాతలో పెట్టుకోవడం, అన్నదమ్ముల ఒప్పందాన్ని రిజిస్టరు చేసుకోవడం దరఖాస్తు కంటే ముందు చేయాల్సిన పని. సర్కారు భూమి మీద ఇల్లుంటే 2014 డిసెంబరు నాటి జీవో 58 ఉంది. తెల్లకార్డు కుటుంబాలకు 125 గజాల వరకు ఉచితంగా పట్టా ఇచ్చేందుకు తెచ్చారు. అయితే దరఖాస్తులు గడువు పెట్టి తీసుకుంటారు కాబట్టి తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి.

కేంద్రం పథకం పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అందులో ఒక భాగం బ్యాంకు లోనుపై వడ్డీ రాయితీ. ఏడాది ఆదాయం రూ.9 లక్షల లోపు ఉండాలి, ఇంటి విలువ రూ.35 లక్షలు, లోను రూ.25 లక్షలు దాటకూడదు. మొదటి రూ.8 లక్షల మీద 4 శాతం లెక్కన గరిష్ఠంగా రూ.1.80 లక్షలు, ఐదు వాయిదాల్లో వస్తుంది. సూద్‌కు దూరంగా ఉండే కుటుంబాలకు ఇది అక్కరకు రాదు. అలాంటివారికి వడ్డీతో పని లేని ఇందిరమ్మ సాయమే దారి.

అందులోనూ ఒక చిక్కు చూసుకోవాలి. డబ్బు నాలుగు దశల్లో వస్తుంది. మొదటి లక్ష బేస్‌మెంట్ అయ్యాకే బ్యాంకు ఖాతాలో పడుతుంది, చివరి లక్ష ఇల్లు పూర్తయ్యాకే. అంటే పాత ఇల్లు కూల్చి పునాది లేపేదాకా ఖర్చు మనదే, ఆ నెలల్లో వేరేచోట కిరాయి కూడా. ఆ సొమ్ము చేతిలో లేకుండా కూల్చితే గిరిగిరి ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. మంజూరు కాగితం రాకముందు ఒక్క ఇటుకా కదపకండి.